మామిడి లోడులో స్టాటిస్టిక్స్: డేటా రకాలు, శాంపిలింగ్

(తెర మీద: దామలచెరువు మామిడి మండీ. ఐదేసి ఎత్తున పేర్చిన 200 క్రేట్లు.)

ఒక క్రేటు దించి చీటీ రాద్దాం. రకం: తోతాపురి. మాగుదల: దోర. కాయలు: 52. బరువు: 20.4 కిలోలు.

రకం నామినల్ డేటా. తోతాపురి, బేనీషా, నీలం... వీటిలో ముందూ వెనకా లేదు, లెక్కపెట్టడమే. అంకెల్లో ఉన్నంత మాత్రాన అది పరిమాణం అయిపోదు. తిరుపతి పిన్‌కోడ్ 517501, చిత్తూరుది 517001. సగటు 517251 వస్తుంది, దానికి అర్థమే లేదు. పరీక్షల్లో ఎక్కువమంది జారేది ఇక్కడే.

పచ్చి 1, దోర 2, పండు 3 అని రాస్తే ఆర్డినల్. వరుస నిజం, ఎడం నిజం కాదు. దోరకాయ పచ్చికాయకు రెట్టింపు మాగిందని కాదు కదా! మధ్యగతం (వరుసగా పేరిస్తే నడిమిది) చెప్పండి, సగటు వద్దు.

కాయల సంఖ్య డిస్క్రీట్: 52, 53 అంతే, మధ్యలో ఏమీ ఉండదు. బరువు కంటిన్యూయస్: మధ్యలో ఏ విలువైనా రావచ్చు. కాటా 20.4 చూపిస్తే అసలు బరువు 20.35, 20.45 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

(తెర మీద: పై వరుస క్రేట్లు ఎర్రగా వెలుగుతాయి.)

ఇప్పుడు అసలు చిక్కు. 200 క్రేట్లు మన పాపులేషన్, అంటే మనం తెలుసుకోవాలనుకునే మొత్తం సరుకు. అందులోంచి చూడాల్సినవి 20, అదే శాంపిల్. పై వరుసలోవి దించుకుంటే పని సులువే, కానీ నలిగిన కాయ అడుగున ఉంటుంది. 20 బదులు 40 దించినా అవీ పైవే. తప్పు తగ్గదు, ధీమా మాత్రం పెరుగుతుంది.

సిస్టమాటిక్ పద్ధతిలో 200ను 20తో భాగిస్తే 10. ఒకటి నుంచి పది లోపు చీటీ తీస్తే 7 వచ్చిందనుకోండి: 7, 17, 27... 197 వరకు. బాగానే ఉంది. కానీ ప్రతి దొంతరనూ కింది నుంచి పైకి నంబరు వేసుకుంటూ పోయారా? దొంతరకు ఐదు కాబట్టి మీకు దొరికిన 20 క్రేట్లూ కింది నుంచి రెండోవే!

అందుకే స్ట్రాటిఫైడ్, అంటే పొరలవారీగా తీయడం: ఐదు వరుసలు, వరుసకు 40 క్రేట్లు, ఒక్కో వరుస నుంచి చీటీ తీసి 4. మొత్తం 20.

(తెర మీద: వరుసకు నాలుగు చొప్పున క్రేట్లు పచ్చగా మారతాయి.)

ఇంకొక్క మాట. ఆ 20 క్రేట్లలో కాయలన్నీ తూచి, శాంపిల్ సైజు వెయ్యి దాటిందని రాయకండి. ఒకే క్రేటులోవి చాలావరకు ఒకే తోటవి, ఒకే రోజు కోసినవి. ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అవి ఎంతగా పోలితే, మీ కచ్చితత్వం అంతగా 20 దగ్గరికే దిగుతుంది.