పులికూనతో ఫోటోకు తెర: అమెరికా చట్టం కథ

నమస్కారం. 2011 అక్టోబరు 18న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, జేన్స్‌విల్ పట్టణం దగ్గర, ఒక వ్యక్తి తాను పెంచుకుంటున్న పులులను, సింహాలను, ఎలుగుబంట్లను బోనుల్లోంచి వదిలేసి ప్రాణం తీసుకున్నాడు. "క్రూరమృగాలు తిరుగుతున్నాయి, వాహనం దిగవద్దు" అన్న హెచ్చరిక రహదారి బోర్డుల మీద వెలిగింది. చీకటి పడుతుండగా మత్తుమందు ఇచ్చి పట్టుకునే వ్యవధి లేక, పోలీసులు దాదాపు యాభై జంతువులను కాల్చి చంపారు. వాటిలో 18 బెంగాల్ పులులే.

ఇలాంటి జంతువుల పెంపకంపై ఒహాయో మరుసటి ఏడాదే చట్టం చేసుకుంది. దేశమంతటికీ వర్తించే చట్టం రావడానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది. పులులు, సింహాలు వంటి పెద్ద పిల్లి జాతి జంతువులను పెంపుడు జంతువులుగా రాష్ట్రాల మధ్య అమ్మరాదన్న నిబంధన 2003 నుంచే ఉన్నా, ప్రదర్శన లైసెన్సు ఉన్నవారికి అది వర్తించేది కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. పుట్టిన కొద్ది రోజులకే కూనను తల్లి నుంచి వేరు చేసి, సీసాపాలు పట్టి, సందర్శకుల ఒళ్లో పెట్టి డబ్బు వసూలు చేసేవారు. ఈ వ్యాపారానికి కూన పనికివచ్చేది సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వారాల వయసు వరకే. కాబట్టి కొత్త కూనలు పుడుతూనే ఉండాలి, పెరిగిన పులి మాత్రం రోజూ కిలోల కొద్దీ మాంసం తినే భారమవుతుంది. పులిని ఇంట్లో కట్టేసుకునే సరదా కంటే ఈ లెక్కే ప్రమాదకరమని నా అభిప్రాయం.

2022 డిసెంబరు 20న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన బిగ్ క్యాట్ పబ్లిక్ సేఫ్టీ యాక్ట్ (పెద్ద పిల్లి జాతి జంతువుల నుంచి ప్రజా భద్రత చట్టం) ఈ లెక్కనే దెబ్బతీసింది. ఈ జంతువులను, కూనలతో సహా, సందర్శకులు తాకడాన్ని నిషేధించింది. ప్రదర్శనలో పదిహేను అడుగుల దూరమో శాశ్వతమైన అడ్డుకట్టో ఉండాలంది. అప్పటికే పెంచుతున్నవారు 2023 జూన్ 18లోగా నమోదు చేసుకుంటే ఉన్నవాటిని ఉంచుకోవచ్చు గాని, కొత్తవి కొనకూడదు, పిల్లలను పెట్టించకూడదు. ఉల్లంఘిస్తే 20,000 డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ల వరకు జైలు.

మన దేశంలో సర్కస్‌లలో సింహాల ప్రదర్శనను నిషేధించినప్పుడూ ఆ నిషేధంతో పని ముగియలేదు. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాక, విశాఖపట్నం, తిరుపతి పునరావాస కేంద్రాలు వాటిని ఏళ్ల తరబడి పోషించవలసి వచ్చింది. అమెరికాలో ఆ భారం చాలావరకు విరాళాలతో నడిచే ఆశ్రయ కేంద్రాలదే. బోనులో పులి ఇరవై ఏళ్ల దాకా బతకగలదు కనుక, నమోదైన ప్రతి జంతువునూ అంతకాలం తనిఖీ చేయవలసిందే.