ఫెమ్టో బోల్ట్‌తో నడక కొలవడం: మోకాలు భేష్, చీలమండే తలనొప్పి

నమస్తే అండీ! ఈ సెన్సార్ రివ్యూ కోసం ఉచితంగా వచ్చింది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఇది ఆర్బెక్ ఫెమ్టో బోల్ట్, అంటే ఎదుట ఉన్నవాటి దూరం కొలిచే డెప్త్ కెమెరా. దాని స్పెక్స్ మీరు చూసే ఉంటారు, వాటి జోలికి పోను. సూటిగా చీలమండ దగ్గరికే వెళ్దాం.

డెప్త్ కెమెరాకి తెలిసింది దూరం ఒక్కటే. అరికాలు నేలకి ఆనిందంటే పాదానికీ నేలకీ దూరంలో తేడా దాదాపు ఉండదు, రెండూ కలిసిపోతాయి. అంతే, సాఫ్ట్‌వేర్ ఆ దూరాల నుంచి గీసే కీళ్ల బొమ్మలో (స్కెలిటన్‌లో) పాదం వణకడం మొదలు! మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇలాంటి సెన్సార్ కినెక్ట్‌నే చూడండి: 2010 నాటి మొదటిదాంట్లో 20 జాయింట్లు (గుర్తించే కీళ్లు), వీ2లో 25, అజూర్ కినెక్ట్‌కి వచ్చేసరికి 32. లెక్క పెరిగింది గానీ ఈ బాధ మాత్రం తీరలేదు. బోల్ట్‌లో ఉన్నదీ మైక్రోసాఫ్ట్ డెప్త్ టెక్నాలజీయే కాబట్టి ఇక్కడా అంతే.

మరి మడమ ఎప్పుడు నేల తాకిందో ఎలా పట్టుకోవాలి? పాదం ఎత్తు చూడకండి, దయచేసి! పెల్విస్ (కటి భాగం) కంటే చీలమండ ఎంత ముందుకెళ్లిందో గ్రాఫ్ గీయండి. దాని శిఖరమే మడమ తాకిన క్షణం. మనిషిని సెన్సార్‌కి ఎదురుగా నడిపించండి, సుమారు మీటరు ఎత్తులో ట్రైపాడ్ పెట్టండి. పక్క నుంచి తీస్తే అవతలి కాలు ఇవతలి కాలి వెనక దాగిపోతుంది, సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. అలాంటి జాయింట్‌కి కాన్ఫిడెన్స్ (ఎంత నమ్మొచ్చన్న గుర్తు) 'లో', అంటే తక్కువ, అని వస్తుంది. దాన్ని లెక్కలోంచి తీసేయండి.

640×576 పిక్సెళ్ల డెప్త్ మోడ్, సెకనుకి 30 ఫ్రేములు చాలు. ట్రాకింగ్‌కి (కీళ్లని గుర్తించే పనికి) గ్రాఫిక్స్ కార్డు బలంగా లేకపోతే ఫ్రేములు జారిపోతాయి. అందుకే ముందు రికార్డ్ చేసుకుని, ట్రాకింగ్ తర్వాత నడపండి. టైమ్‌స్టాంపుల (ఒక్కో ఫ్రేము తీసిన సమయం) ఆధారంగా డేటాని సమాన వ్యవధికి సర్దాక, వణుకుని నునుపు చేసే 6 హెర్ట్జ్ బటర్‌వర్త్ ఫిల్టర్‌ని ముందుకీ వెనక్కీ రెండుసార్లు నడపండి. ఒకేసారి నడిపితే శిఖరాలు ఆలస్యంగా కనిపిస్తాయి. ఎంత చేసినా ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 33 మిల్లీసెకన్లు, ఒక్కో అడుగులో అంతకంటే చిన్న తేడాలని నమ్మకండి.

నల్ల బట్టలు, కిటికీ ఎండ వద్దు. సెన్సార్ దూరం కొలవడానికి వదిలే ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఒకటి మింగేస్తుంది, ఇంకోటి ముంచేస్తుంది. తొడ పొడవు ఫ్రేము ఫ్రేముకీ మారుతోందా? ఎముక సాగదు కదా, ఆ ముక్క పారేయండి.

అజూర్ కినెక్ట్ అమ్మకాలు 2023లో ఆగాక, దానికోసం రాసిన పాత ప్రోగ్రామ్‌లు ర్యాపర్‌తో (మధ్యలో అనువాదకుడిలా పనిచేసే సాఫ్ట్‌వేర్‌తో) దీనిమీద నడవడం నిజంగా పెద్ద ఊరట. కూర్చుని లేవడం, స్క్వాట్‌లో మోకాలి వంపు, నడుము వాలు, అడుగుల లయ కొలవాలా? కళ్లు మూసుకుని తీసుకోండి, నాకు బాగా నచ్చింది. చీలమండ కోణమే కావాలంటే మాత్రం ఒంటికి గుర్తులు అతికించి కొలిచే మార్కర్ల సిస్టమ్‌కే వెళ్లండి.