ట్రయల్స్ నేర్చుకుంటున్నారా? బండి మార్చే ముందు ఈ పరీక్ష పెట్టుకోండి

నమస్తే అండి, అందరూ బాగున్నారా? మనం ఇప్పుడు అంబాజీపేట పక్కన ఒక కొబ్బరి తోటలో ఉన్నాం. తోట ఆసామిని అడిగి, ఆయన చూపించిన మూల వరకే తాడు కట్టుకున్నాం. నా వెనక కనిపిస్తున్నవి పడిపోయిన కొబ్బరి మాన్లు, ఒక ఎండిన బోదె, దాని అవతల కొబ్బరి డొక్కల గుట్ట. బైక్ ట్రయల్స్ ప్రాక్టీస్ మొదలుపెట్టడానికి ఈ మాత్రం చోటు చాలు.

అమలాపురం నుంచి, పాలకొల్లు నుంచి, యానాం నుంచి కుర్రాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, హీరో ఇంపల్స్ బండి మీద నేర్చుకుంటున్నాను. అది అమ్మేసి హీరోదే ఎక్స్‌పల్స్ 200 తీసుకోనా? లేకపోతే అప్పు చేసైనా అసలు ట్రయల్స్ బండే బయట దేశం నుంచి తెప్పించుకోనా?" ఈ వీడియో మొత్తం ఆ ప్రశ్నకే.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ట్రయల్స్‌లో ఎవరు ముందు వచ్చారన్నది లెక్క కాదు. రాళ్ళు, మొద్దులు, వాలు, బురద ఉన్న చిన్న దారికి హద్దులు పెడతారు. దాన్ని సెక్షన్ అంటారు. కాలు కింద పెట్టకుండా అందులోంచి బయటికి రావాలి. ఒకసారి కాలు పెడితే 1 పాయింటు, రెండుసార్లు పెడితే 2, మూడు లేక అంతకంటే ఎక్కువసార్లు పెడితే 3. పడిపోయినా, హద్దు దాటినా 5. అసలు కాలు పెట్టకుండా వస్తే సున్నా, అదే క్లీన్. తక్కువ పాయింట్లు ఉన్నవాళ్ళు గెలుస్తారు. సెక్షన్‌లో ఎక్కువ భాగం నడక వేగంలోనే సాగుతుంది. ఆ వేగంలో ఇంజిన్ పవర్ కంటే మీ కాళ్ళ మధ్య ఉన్న బరువే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

అందుకని ముందు బరువుల సంగతి చూద్దాం. పోటీల్లో వాడే ట్రయల్స్ బండి 70 కిలోల చుట్టూ ఉంటుంది. దానికి కూర్చునే సీటే ఉండదు. ట్యాంకులో పట్టేది రెండు మూడు లీటర్ల పెట్రోలు. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ 134 కిలోలు. 2019లో వచ్చిన మొదటి ఎక్స్‌పల్స్ 200 అయితే 154 కిలోలు. అంటే ఇంపల్స్ అమ్మి ఎక్స్‌పల్స్ కొన్న కుర్రాడు అప్‌గ్రేడ్ పేరుతో 20 కిలోలు ఎక్కువ కొన్నాడన్నమాట. ఎక్స్‌పల్స్ బాగోదని నేను అనను. ముందు 21 అంగుళాల చక్రం, కింద 220 మిల్లీమీటర్ల ఖాళీ. రాజమండ్రి దాటి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు రెండు రోజులు తిరిగి రావాలంటే దాని మీద హాయిగా వెళ్ళొచ్చు. ఆఫీసుకీ, అడవికీ ఒకే బండి కావాలనుకుంటే నిశ్చింతగా తీసుకోండి. ట్రయల్స్ కోసమే మారుతున్నానంటే మాత్రం రెండుసార్లు ఆలోచించమంటాను.

ఈ ఆట చరిత్రలో పేరున్న బండి మార్పు కూడా ఇదే చెబుతుంది. శామీ మిల్లర్ అప్పట్లో బ్రిటన్‌లో ట్రయల్స్‌కి పెద్ద పేరు. ఆయన ఏళ్ళ తరబడి ఏరియల్ 500 సీసీ బండి మీద గెలిచారు. 1964లో దాన్ని వదిలేసి స్పెయిన్‌కి చెందిన బుల్టాకో కంపెనీతో కలిసి షెర్పా అనే తేలికపాటి బండిని తయారు చేయించారు. దాని ఇంజిన్ 250 సీసీ లోపే. మరుసటి ఏడాది 1965లో దాని మీదే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచారు. అంత ఆరితేరిన మనిషి సీసీ సగానికి తగ్గించుకుని ముందుకెళ్ళాడు. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి, అందుకే ఎవరు అడిగినా చెబుతాను.

ఇక మన నేల. పోటీల వీడియోల్లో కనిపించే బండరాళ్ళు డెల్టాలో మనకు లేవు. మనకు ఉన్నది ఒండ్రు, నల్ల బురద, లంకల్లో ఇసుక, కాలువ దిగుళ్ళు, మొద్దులు. తడి ఒండ్రు మీద రేజ్ ఎక్కువైందా, వెనక చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది, టైరు పళ్ళు మట్టితో నిండిపోతాయి, బండి పక్కకి జారుతుంది. పవర్ ఉన్న బండి అయితే ఇంకా త్వరగా జారుతుంది. ఇక్కడ పనికొచ్చేది మెత్తని కుడిచెయ్యి, సరైన హాఫ్ క్లచ్. కొండల దగ్గర ఉండేవాళ్ళకి ఇది ఆలస్యంగా వంటబడుతుందేమో గానీ, మనకు మొదటి వానకే నేర్పేస్తుంది. ఈ విషయంలో డెల్టా కుర్రాళ్ళు అదృష్టవంతులని నా నమ్మకం.

ఒక్క మాట, ఇది గట్టిగా చెప్పాలి. ఏటిగట్టు మీద ప్రాక్టీస్ చేయకండి. వాలు బాగుంది, ఎవరూ అడగరు అని కొందరు ఎక్కేస్తున్నారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, గట్లు తెగి ఊళ్ళు మునిగాయి. ఆ రోజులు చూసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, అడగండి. గట్టు వాలు మీద గడ్డి పోయి టైరు గాడి పడితే వాన నీరు అదే దారి పట్టుకుంటుంది. మన సరదా కోసం గట్టుని ముట్టుకోవద్దు. పంట బోదెలు కూడా అంతే, రైతుని అడిగాకే దిగండి.

సరే, ఇప్పుడు పరీక్ష. ఇటు రండి, చూపిస్తాను.

ఇక్కడ రెండు కొబ్బరి చెట్ల చుట్టూ ఎనిమిది అంకె వేస్తున్నాను. నిలబడి, మొదటి గేరులో, హ్యాండిల్ చివరి దాకా తిప్పి. చూడండి, ఎడమ వైపు తిరిగేటప్పుడు నా శరీరం కుడి వైపు బయటికి ఉంది. బండి ఒరుగుతుంది, నేను నిటారుగా ఉంటాను. చూపు ముందు చక్రం మీద కాదు, తర్వాతి చెట్టు మీద. క్లచ్ మీద ఒకే వేలు. ఇది కాలు పెట్టకుండా రెండు వైపులా వచ్చాక, బండి ఆపి నిలబడటం. కదలకుండా మూడు క్షణాలు నిలబడితే మొదట్లో అదే గొప్ప. ఆ తర్వాత మోకాలి కంటే తక్కువ ఎత్తున్న మాను ఎక్కడం. ముందు చక్రం మొద్దుకి తగిలే లోపు క్లచ్‌తో కొద్దిగా లేపి పైన పెట్టాలి, వెంటనే రేజ్ కట్టేసి, మోకాళ్ళు వదులు చేసి వెనక చక్రాన్ని దానంతట దాన్ని రానివ్వాలి. చివరగా ఎండిన బోదెలోకి దిగి, అడుగున ఆగి, అక్కడి నుంచి వాలు ఎక్కడం.

ఈ నాలుగింటినీ కలిపి ఒక సెక్షన్ చేసుకోండి. ఫోన్ పట్టుకుని ఒక స్నేహితుడు పక్కన ఉండాలి. కాలు పెట్టిన ప్రతిసారీ ఇద్దరూ కూర్చుని ఆ వీడియో నెమ్మదిగా వేసి చూడండి, ఎందుకు పెట్టారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. పేజీకి మధ్యలో గీత. ఎడమ వైపు "నేను", కుడి వైపు "బండి".

చూపు కిందికి పోయింది, కుడిచెయ్యి కుదిపింది, బరువు తప్పు వైపు ఉంది, భయంతో కూర్చుండిపోయాను, ఇవన్నీ "నేను". హ్యాండిల్ పూర్తిగా తిరిగినా మలుపు అందలేదు, అడుగు రేకు మొద్దు మీద కూర్చుండిపోయి చక్రాలు గాల్లో తేలాయి, క్లచ్ పూర్తిగా వదిలితే నడక వేగంలో ఇంజిన్ ఆగిపోతోంది, పది నిమిషాలకే క్లచ్ వేడెక్కి పట్టు మారిపోతోంది, ఇవి "బండి". నిజాయితీగా రాయండి, ఎందుకంటే ఈ పేజీ మీ డబ్బుకి సంబంధించింది. నేను చూసిన కొత్తవాళ్ళలో చాలామందికి ఎడమ పక్కే నిండుతుంది. అది నిండినంత కాలం ఏ షోరూముకీ వెళ్ళక్కర్లేదు. అంతకంటే శుభవార్త ఏముంది, ఆ తప్పులన్నీ ఖర్చు లేకుండా సరిదిద్దుకోవచ్చు.

"బండి" వైపు రాసినవాటిలో కూడా చాలావరకు వందల్లోనో, కొన్ని వేలల్లోనో తీరిపోతాయి. ఇంజిన్ ఆగిపోతోందంటే మొదటి గేరు మనకు పొడవైపోయిందని. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించండి. ఉదాహరణకు 13 పళ్ళది తీసి 12 పళ్ళది వేస్తే బండి దాదాపు 8 శాతం నెమ్మదిగా నడుస్తుంది, లాగుడు అంతే పెరుగుతుంది. క్లచ్ బరువుగా ఉందంటే కొత్త కేబుల్ వేసి, వంపులు లేకుండా తీసుకెళ్ళమని మెకానిక్‌కి చెప్పండి. లివర్లు కొంచెం కిందికి తిప్పుకోండి, నిలబడినప్పుడు మణికట్టు నిటారుగా ఉండాలి. నడుము వంగిపోతుంటే హ్యాండిల్ కింద ఎత్తు దిమ్మలు పెట్టించండి. ఇంజిన్ అడుగున గట్టి అల్యూమినియం రేకు తప్పనిసరి. ఇవన్నీ చేశాక అదే పాత బండి మీకు కొత్తగా అనిపిస్తుంది.

టైర్లలో గాలి గురించి కాస్త జాగ్రత్త. ట్రయల్స్ బండ్లకి వెనక 4, 5 పీఎస్ఐ గాలే ఉంచుతారు, ముందు 6 చుట్టూ. వెనక టైరు ట్యూబ్‌లెస్, రబ్బరు మెత్తన, బండి తేలిక, అందుకే సాధ్యం. అది చూసి ఇంపల్స్‌లోనో ఎక్స్‌పల్స్‌లోనో అంత తగ్గిస్తే ట్యూబు రిమ్ముకీ మొద్దుకీ మధ్య నలిగి చిరుగుతుంది, లేదా టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతుంది. మన బండ్లకి 12 నుంచి 15 మధ్య ఉంచి చూడండి. తోట నుంచి రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి నింపుకోవాలి, చేతి పంపు సంచిలో ఉండాల్సిందే.

ఎండ సంగతి కూడా చెప్పాలి. నడక వేగంలో ఎయిర్‌కూల్డ్ ఇంజిన్‌కి గాలి తగలదు. మే నెలలో ఉదయం తొమ్మిదికల్లా ఆపేయండి, మధ్యలో బండిని నీడలో ఉంచండి. ఇంజిన్ చల్లారేలోపు మీరూ ఓ బొండం తాగండి.

మరి ఎప్పుడు మారాలి? పేజీలో ఎడమ పక్క ఖాళీ అయింది, కుడి పక్క మాత్రం అవే కారణాలు తిరిగి తిరిగి వస్తున్నాయి, చిన్న మార్పులన్నీ అయిపోయాయి. అప్పుడు మీరు ఈ బండిని దాటి ఎదిగారు. ఇక డబ్బు పెట్టడం న్యాయమే. అప్పుడు కూడా వెతకాల్సింది తక్కువ బరువు. యమహా ఆర్‌ఎక్స్100 తేలికే, 100 కిలోల దగ్గరే ఉంటుంది, కానీ 1996లో తయారీ ఆగిపోయిన బండి, ఇప్పుడు దాని ధర, దాన్ని ప్రేమించేవాళ్ళ లెక్క వేరు. బాగున్న ఆర్‌ఎక్స్‌ని కోసి ట్రయల్స్ బండి చేయడం నాకు మనసొప్పదు.

అసలు ట్రయల్స్ బండి తెప్పించుకునే స్తోమత ఉంటే, మూడు సంగతులు తెలుసుకుని దిగండి. ధర మీద కస్టమ్స్ సుంకం, రవాణా కలిసి బిల్లు బాగా పెరుగుతుంది. ఇక్కడి నిబంధనల ప్రకారం ఆమోదం లేని బండికి నంబరు రాదు కాబట్టి రోడ్డు మీద నడపకూడదు, తోట దాకా ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాలి. విరిగిన లివర్ దగ్గర నుంచి క్లచ్ ప్లేట్ల దాకా ప్రతిదీ స్పెయిన్ నుంచో ఇటలీ నుంచో రావాలి, అందుకని బండితో పాటే కొన్ని పార్టులు తెప్పించుకోవాలి. బీటా కంపెనీ ఈవో లాంటి మోడల్ 125 నుంచి 300 సీసీ దాకా దొరుకుతుంది, బరువులో తేడా పెద్దగా ఉండదు. మోంటెసా కంపెనీ బండి మీద 2007 నుంచి 2024 దాకా ప్రతి ఏడాదీ ప్రపంచ టైటిల్ గెలిచిన టోనీ బౌని చూసి పెద్ద ఇంజిన్ అడగకండి. నేర్చుకుంటున్న పెద్దవాళ్ళకి 200 గానీ 250 గానీ సరిపోతుంది. 300 చేతికొచ్చేస్తే నెమ్మదిగా తెరుచుకునే స్లో థ్రాటిల్, ఇంజిన్‌లో తిరిగే బరువైన చక్రం (ఫ్లైవీల్) వేయించి దాని దూకుడు తగ్గించుకోవచ్చు. నా సలహా ఏమిటంటే, నలుగురు కలిసి ఒక బండి కొనండి. ట్రయల్స్‌లో ఒకరు నడుపుతుంటే మిగిలినవాళ్ళు చూసి పాయింట్లు వేయాలి కదా, బండి ఖాళీగా ఉండదు, ఖర్చు నాలుగో వంతు.

సెకండ్ హ్యాండ్‌లో ఇంపల్స్ గానీ ఎక్స్‌పల్స్ గానీ చూస్తుంటే, మన ప్రాంతంలో ముందుగా చూడాల్సింది ఆ బండి వరదలో మునిగిందా అని. హెడ్‌లైట్ డోము విప్పించండి, లోపల మూలల్లో సన్నటి ఒండ్రు ఉంటే మునిగినట్టే. సీటు తీసి వైరింగ్ కప్లర్లు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటే వదిలేయండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిసినట్టుగా తెల్లబారితే లోపలికి నీళ్ళు వెళ్ళాయని అర్థం. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరం ఊళ్ళ బండి అయితే ముందు ఫోర్కు రాడ్ల మీద వేలితో రాయండి, ఉప్పుగాలికి తుప్పు చుక్కలు పడి ఉంటే ఆయిల్ సీళ్ళు నిలవవు. తర్వాత స్టాండు వేసి ముందు చక్రం లేపి హ్యాండిల్ నెమ్మదిగా ఇటూ అటూ తిప్పండి, మధ్యలో పట్టేసినట్టు ఆగితే బేరింగులు పోయాయి. ఇవన్నీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఉదయాన్నే వస్తాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అని ముందే ఫోన్‌లో చెప్పి వెళ్ళండి.