ముసుగులో గుద్దులాట: స్కూబీ డూ రెజిల్‌మేనియా మిస్టరీ రివ్యూ

నమస్తే అండీ, బాగున్నారా. ఈవేళ మాట్లాడుకోబోయే సినిమా కొత్తదేం కాదు. 2014 మార్చిలో అమెరికాలో వచ్చింది. థియేటర్ ముఖం చూడలేదు, నేరుగా డీవీడీలోకే దిగింది. పేరు ‘స్కూబీ డూ! రెజిల్‌మేనియా మిస్టరీ’. ఇన్నేళ్ళ తర్వాత దీని గోల ఇప్పుడెందుకంటారా? మా మేనల్లుడు. ఏడేళ్ళవాడు. సెలవులకి మా ఇంటికొచ్చాడు, వచ్చీ రాగానే రిమోట్ వాడి చేతిలోకి పోయింది. ఒక పక్క కార్టూన్లు, ఇంకో పక్క డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా రెజ్లింగ్ షో, రెండూ కావాలి వాడికి. వెతికితే రెండూ కలిపి ఒకే సినిమాలో దొరికాయి. వాడు సోఫా మీద, నేను కింద చాప మీద, మొత్తం చూశాం. సినిమా గంటన్నర లోపే అయిపోయింది గానీ, మధ్యలో వాడు అడిగిన ఒక ప్రశ్న దగ్గర నేను ఇంకా ఇరుక్కునే ఉన్నాను. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు కథ. భయపడకండి, దొంగ ఎవరో చెప్పను.

షాగీ అనే కుర్రాడు, వాడి కుక్క స్కూబీ, ఇద్దరికీ రెజ్లింగ్ అంటే పిచ్చి. వీడియో గేమ్‌లో ఆఖరి లెవెల్ గెలిచి, ఏటా జరిగే పెద్ద రెజ్లింగ్ షో రెజిల్‌మేనియా చూడటానికి డబ్ల్యూడబ్ల్యూఈ సిటీకి వెళ్ళే ఛాన్స్ కొట్టేస్తారు. ఊరి పేరే అది. మిగతా ముగ్గుర్నీ, అంటే ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మాలని ఎలాగో బతిమాలి వ్యాన్ ఎక్కిస్తారు. దారిలో వ్యాన్ ఇబ్బందుల్లో పడితే వచ్చి కాపాడేది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ రెజ్లింగ్ స్టార్ జాన్ సీనా. మా వాడు అక్కడే సోఫా మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఊళ్ళోకి వెళ్ళాక తెలుస్తుంది, అక్కడ ఓ భూతం ఎలుగుబంటి తిరుగుతోందని. ఆ తర్వాత ఛాంపియన్‌షిప్ బెల్ట్ పోతుంది, నింద పాపం స్కూబీ మీద పడుతుంది. ఇక ఎలుగుబంటి సంగతి తేల్చాలి, బెల్ట్ దొరకాలి, కుక్కగారి పరువు నిలబడాలి. చివరికి షాగీ, స్కూబీ ఇద్దరూ రింగ్‌లోకి దిగి కేన్‌తో తలపడాల్సి వస్తుంది. కేన్ అంటే తెలుసుగా? ఆ మనిషి పక్కన షాగీ నిలబడితే అగ్గిపుల్లలా ఉంటాడు.

డైరెక్టర్ బ్రాండన్ వియెట్టీ. ‘యంగ్ జస్టిస్’ సీరీస్ చూసినవాళ్ళకి ఈ పేరు తెలుస్తుంది. ఫైట్లు తీయడం తెలిసిన మనిషి, ఆ తేడా కనిపిస్తుంది. ఎలుగుబంటి వచ్చే సీన్లు పిల్లల సినిమాకి కాస్త ఎక్కువే భయపెడతాయి. మా వాడు దిండు అడ్డం పెట్టుకున్నాడు. అడిగితే చలేస్తోందన్నాడు. మే నెలలో.

రెజ్లర్లకి డబ్బింగ్ వాళ్ళే చెప్పుకున్నారు. సీనా, ట్రిపుల్ హెచ్, కేన్, ది మిజ్, ఏజే లీ, శాంటినో మరెల్లా, బ్రోడస్ క్లే, ఆఖరికి అప్పటి కంపెనీ ఓనర్ విన్స్ మెక్‌మాన్ కూడా. కొందరు చక్కగా చెప్పారు, కొందరు కాగితం చూసి చదివినట్టు చెప్పారు. పేర్లు చెప్పను, అందులో ఏ ఒక్కరు ఎత్తి విసిరినా నేను గచ్చిబౌలి దాటి పడతాను. అసలైన గొంతు పని ఇంకొకాయనది, ఫ్రాంక్ వెల్కర్. ఈయన 1969లో స్కూబీ డూ మొదటి సీరీస్ మొదలైనప్పుడు ఫ్రెడ్‌కి గొంతు ఇచ్చాడు, ఇందులోనూ ఆయనే ఫ్రెడ్. 2002 నుంచి స్కూబీ గొంతు కూడా ఆయనదే. అంటే ఫ్రెడ్, స్కూబీ మాట్లాడుకుంటుంటే, మైకు ముందు ఒకే ముసలాయన తనతో తాను మాట్లాడుకుంటున్నాడన్నమాట. ఈ ముక్క మా వాడికి చెప్తే నమ్మలేదు.

ఇప్పుడు 1969 దాకా వచ్చాం కాబట్టి ఒక తమాషా చెప్పాలి. ఆ రోజుల్లో అమెరికాలో శనివారం పొద్దున వచ్చే కార్టూన్లలో కొట్లాటలు ఎక్కువైపోయాయని తల్లిదండ్రుల సంఘాలు గొడవ చేశాయి. దాంతో సీబీఎస్ ఛానెల్ వాళ్ళు కొట్టుకోని కార్టూన్ కావాలన్నారు. అలా హన్నా-బార్బెరా స్టూడియోలో జో రూబీ, కెన్ స్పియర్స్ కలిసి పుట్టించిన కుక్క ఇది. ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరు అమ్మాయిలు, ఒక పిరికి కుక్క, ఎవరూ ఎవర్నీ కొట్టరు, పరిగెత్తుతారు, దాక్కుంటారు, వల వేస్తారు. కొట్లాట వద్దని పుట్టిన కుక్కని, నలభై అయిదేళ్ళకి తీసుకెళ్ళి కుర్చీలతో కొట్టుకునేవాళ్ళ మధ్య పడేశారు!

అటు డబ్ల్యూడబ్ల్యూఈ కూడా అప్పటికి చాలా మారిపోయింది. మా చిన్నప్పుడు చూసిన రక్తాలు, బూతులు లేవు. 2008లో వాళ్ళు షోని పిల్లలతో కలిసి చూసే రేటింగ్‌లోకి మార్చేశారు. సీనా పిల్లల హీరో అయ్యింది ఆ టైమ్‌లోనే. జబ్బు పడిన పిల్లల కోరికలు తీర్చే సంస్థ ద్వారా 2022 నాటికి ఆయన కలిసిన పిల్లలు 650 మంది, అది గిన్నిస్ రికార్డు. కాబట్టి ఈ పెళ్ళి కుదరడంలో వింతేం లేదు. వింతంతా లోపల ఉంది.

సరే, ఇక మా వాడి ప్రశ్న. సినిమా సగంలో ఉంది. కేన్ ఎవర్నో లేపి నేలకేసి కొట్టాడు. వీడు నా వైపు తిరిగి, “మామయ్యా, వీళ్ళు నిజంగానే కొట్టుకుంటారా?” అన్నాడు.

నాకు నోట మాట రాలేదండీ. ఎందుకంటే వాడి వయసులో నేను ఇదే విషయం మీద స్నేహితుడితో చొక్కా చిరిగేలా కొట్టుకున్నాను. మీలో ముప్ఫై దాటినవాళ్ళకి గుర్తుండాలి, బడి పక్క కొట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) కార్డులు అమ్మేవారు. ఒక్కో కార్డు మీద ఒక్కో పహిల్వాను ఫోటో, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. లెక్కల పుస్తకం కన్నా ఆ అంకెలే బాగా వచ్చేవి మాకు. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని మా క్లాసులో ఒకడు ఒట్టేసి చెప్పాడు. ఆ ‘ఏడుసార్లు’ సంగతి మీ ఊళ్ళో కూడా నడిచిందా? కేన్ మొహం చిన్నప్పుడు మంటల్లో కాలిపోయిందని, అందుకే ముసుగేసుకుంటాడని కూడా మాకు తెలుసు. అంటే వాళ్ళు చెప్పిన కథ అది. 2003లో ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడిపోయి కేన్ ముసుగు తీయాల్సి వచ్చింది. తీస్తే, మొహం మీద నల్లరంగు పూసుకుని ఉన్నాడు గానీ కాలిన మచ్చ ఒక్కటీ లేదు! మచ్చలు మొహం మీద కావు, మనసులో ఉన్నాయని తర్వాత సర్దిచెప్పారు. ఎంత మోసమండీ. ఆ కేన్‌గారే, అసలు పేరు గ్లెన్ జేకబ్స్, 2018లో టెనసీ రాష్ట్రంలో నాక్స్ కౌంటీకి మేయర్‌గా గెలిచాడు. ఓటు వేయకపోతే ఏం చేస్తాడోనన్న భయంతో వేశారేమో.

నా గొడవంతా ఇక్కడే. స్కూబీ డూ కథ ఏదైనా ఒకటే సూత్రం మీద నడుస్తుంది. దెయ్యం కనిపిస్తుంది, ఊరంతా వణుకుతుంది, చివర్లో పట్టుకుని ముసుగు లాగితే లోపల మామూలు మనిషి ఉంటాడు. భూముల కోసమో డబ్బు కోసమో నాటకం ఆడుతుంటాడు. రెజ్లింగ్ సూత్రం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ అందరికీ తెలుసు అది నాటకమని. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. అయినా ముసుగు దించకూడదు. ఆ పట్టుదలకి వాళ్ళ భాషలో కేఫేబ్ అని పేరు. ఒకప్పుడు మంచివాడి వేషం వేసేవాడూ చెడ్డవాడి వేషం వేసేవాడూ బయట ఒకే కారులో కనిపిస్తే కూడా తప్పు. మెక్సికోలో అయితే ఎల్ సాంతో అనే మహానుభావుడు బయట కూడా ముసుగు తీయకుండా తిరిగాడు, 1984లో చనిపోతే ఆ వెండి ముసుగుతోనే పాతిపెట్టారు. సినిమాల్లో ఆయన రక్తపిశాచాలతో కూడా కుస్తీ పట్టాడు. అంటే దెయ్యాలకీ కుస్తీకీ లంకె పెట్టడం స్కూబీ కన్నా ముందే మెక్సికో వాళ్ళు చేసేశారు.

ఇదే సినిమాలో సిన్ కారా కూడా ఉన్నాడు, ముసుగు రెజ్లర్. స్పానిష్‌లో ఆ పేరుకి ముఖం లేనివాడని అర్థం. 2011లో ఆ ముసుగు వేసుకుని డబ్ల్యూడబ్ల్యూఈకి వచ్చింది మెక్సికోలో మిస్తికో పేరుతో పెద్ద స్టార్ అయినాయన. 2013 చివరికల్లా ఆ ముసుగులోకి వేరే మనిషి వచ్చేశాడు. సినిమా విడుదలయ్యేసరికి బయట ముసుగు అదే, లోపల తల వేరు. వెల్మా కళ్ళద్దాలు సర్దుకుని మొదలుపెట్టాల్సిన కేసు ఇది కదా! సినిమా దీని జోలికి పోదు.

ఒక్క సిన్ కారానే కాదు. ఎలుగుబంటిని నమ్మని ఆ అయిదుగురూ, ఆధారాలు లేకుండా అడుగు వేయని వెల్మాతో సహా, రింగ్‌లో జరిగేదంతా నిజమేనని నమ్ముతారు. ఒక్కరంటే ఒక్కరు అనుమానించరు. నిజ జీవితంలో ఆ కంపెనీయే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందుకు వెళ్ళి, బాబూ మాది ఆటల పోటీ కాదు, వినోదం అని చెప్పుకుంది. క్రీడల కమిషన్ పెత్తనం, పన్నులు తప్పించుకోవడానికి. కాయితాల మీద ఒప్పుకున్నది పాతికేళ్ళ తర్వాత కార్టూన్ కుక్క ముందు మాత్రం ఒప్పుకోలేదు. దీన్నే మనవాళ్ళు ముసుగులో గుద్దులాట అన్నది.

కోపంగా చెప్తున్నాననుకునేరు. నాకు భలే నచ్చింది ఇది. తెలిసి తీశారో తెలియక తీశారో గానీ, ముసుగులు లాగడమే పనిగా పెట్టుకున్న సినిమాలో, ఒక పెద్ద ముసుగుని అందరూ కలిసి గౌరవంగా అలాగే ఉంచేశారు. షాగీ, స్కూబీ కేన్‌తో తలపడే సీన్ అందుకే పండింది. వాళ్ళిద్దరికీ భయం నిజం, కాబట్టి మనకీ పోరు నిజం. నేను చాప మీద నుంచి లేచి అరిచాను, మా అక్క వంటింట్లోంచి ఏమైందిరా అంటూ పరిగెత్తుకొచ్చింది.

ఎలుగుబంటి దగ్గర ఇంకో ముక్క. ఇది రచయితలు గాల్లోంచి తెచ్చింది కాదు. అమెరికాలో, కెనడాలో ఒకప్పుడు నిజంగానే ఎలుగుబంట్లతో కుస్తీలు పట్టించేవారు. 1950ల నుంచి టెరిబుల్ టెడ్ అనే ఎలుగు ఊరూరా రింగ్‌లో ఆడింది. దానికి పళ్ళు, గోళ్ళు తీసేశారు. ఆ సంగతి చదివాక నాకు సినిమాలో భూతం మీద జాలేసింది. నిజంగా ఏ ఎలుగైనా దెయ్యమై రెజ్లింగ్ వాళ్ళ మీద పగబడితే, నేను ఎలుగు పక్షమే.

బాగోలేనివి కూడా చెప్పాలిగా. మొదటి అరగంట ప్రకటనలా ఉంది. ఒక్కో రెజ్లర్ రావడం, పేరు చెప్పడం, చేతులు ఊపడం, పోవడం. సినిమా రిలీజైన రెండు వారాలకి, ఏప్రిల్ 6న, న్యూ ఆర్లీన్స్‌లో అసలు రెజిల్‌మేనియా 30 ఉంది మరి, టికెట్లు అమ్ముకోవాలి. అండర్‌టేకర్ రెజిల్‌మేనియాల్లో వరసగా 21 గెలుపుల తర్వాత బ్రాక్ లెస్నర్ అనే రెజ్లర్ చేతిలో ఓడిపోయింది ఆ షోలోనే. ఆ దెబ్బ ముందు ఈ భూతం ఎలుగు ఏపాటి! విన్స్ మెక్‌మాన్‌ని మంచి యజమానిలా చూపించారు, అది నాకు అప్పుడూ ఎక్కేది కాదు, ఇప్పుడు అసలే ఎక్కలేదు. డాఫ్నీకి పెద్దగా పని లేదు. దొంగ ఎవరన్నది పెద్దవాళ్ళు ముందే పట్టేస్తారు, నేను పట్టేశాను. మా వాడు మాత్రం ముగ్గుర్ని అనుమానించి ముగ్గురి దగ్గరా తప్పాడు.

చూడొచ్చా అంటే, ఇంట్లో ఆరేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లలుంటే హాయిగా చూడొచ్చు. పిల్లలు లేకపోయినా, ఆ కార్డులతో ఆడుకున్న తరం అయితే చూడండి. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో సీనా, సేత్ రాలిన్స్ అనే రెజ్లర్‌తో జట్టుకట్టి ఇంపీరియం అనే జట్టు మీద ఆడినప్పుడు మా ఫ్రెండ్ ఒకడు వెళ్ళాడు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, నెత్తి మీద జుట్టు పలచబడ్డ మనిషి. గొంతు పోగొట్టుకుని వచ్చాడు, రెండు రోజులు ఫోన్‌లో సైగలే. అలాంటివాళ్ళ కోసం కూడా ఈ సినిమా.

ఇంతకీ మా వాడికి ఏం చెప్పానంటారా? “నువ్వేమనుకుంటున్నావ్‌రా?” అని తప్పించుకున్నాను. వాడు కాసేపు ఆలోచించి, “దెబ్బలు నిజమే, కోపం అబద్ధం” అన్నాడు. మళ్ళీ సినిమాలో పడిపోయాడు.

ఇదే జంట 2016లో ఇంకో సినిమా చేసింది, ఈసారి కార్ రేసులు, అండర్‌టేకర్ కూడా ఉన్నాడు. ఫ్లింట్‌స్టోన్స్, జెట్సన్స్ కార్టూన్లని కూడా వదల్లేదు వీళ్ళు. ఏది ముందు చూడమంటారో కింద కామెంట్ పెట్టండి. త్వరగా పెట్టండి, వాడి సెలవులు ఇంకో పది రోజులే ఉన్నాయి.