తొక్కను తెరిచే జన్యువు

శ్రోతలకు నమస్కారం.

ఆకునైనా కాయనైనా చేత్తో తడిమి చూడండి, పైన నున్నటి పొర ఒకటి తగులుతుంది. అందులో ముఖ్యమైన పదార్థం క్యూటిన్. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి తెగులు లోపలికి రాకుండా మొక్కకు అదే కాపలా. అలాంటి పొర మీద కంటికి ఆనని శిలీంధ్ర బీజం ఒకటి గాలికి వచ్చి వాలుతుంది. దానికి పళ్లు లేవు, గోళ్లు లేవు. మరి లోపలికి ఎలా పోతుంది?

కొన్ని శిలీంధ్రాలు క్యూటిన్‌ను కరిగించే ఎంజైమ్‌ను తయారు చేస్తాయి. దాని పేరు క్యూటినేజ్. తయారు చేయమని చెప్పేది శిలీంధ్రంలోని జన్యువు. అయితే ఆ జన్యువు ఎప్పుడూ పనిచేస్తూ ఉండదు. గాలిలో తేలేటప్పుడు ఎంజైమ్‌తో పనేముంది? రాయి మీద వాలినా పనిలేదు. ఆకు మీద వాలితేనే కావాలి. వాలింది ఆకు మీదేనని బీజానికి ఎవరు చెప్తారు? ఈ మొత్తం విషయంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే.

కేరళలో పుట్టి అమెరికాలో పనిచేసిన పి.ఇ. కొలట్టుకుడి బృందం దీనికి జవాబు వెతికింది. వాళ్లు ఎంచుకున్నది బఠానీకి తెగులు తెచ్చే ఒక ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని. దాని బీజం తన వెంట కాస్తంత క్యూటినేజ్ ముందే తెచ్చుకుంటుంది. అన్నం ఉడికిందో లేదో మనం ఒక్క మెతుకు పట్టి చూస్తామే, అలాగే వాలిన చోటును ఆ కాస్త ఎంజైమ్‌తో పరీక్షిస్తుంది. అక్కడ క్యూటిన్ ఉంటే చిన్న చిన్న ముక్కలు ఊడివస్తాయి. ఆ ముక్కలే జన్యువును మేల్కొలుపుతాయి. పావుగంటలోనే జన్యువు పని మొదలైన ఆనవాళ్లు కనిపించాయి. మళ్లీ చెప్తున్నాను, జన్యువును మేల్కొలిపింది మొక్క పొర ముక్కలే! తన రక్షణకు మొక్క కట్టుకున్న పొరే దాని శత్రువుకు కబురు అందిస్తోంది.

1988లో ఇదే బృందం శిలీంధ్ర కణాల్లో జన్యువులు ఉండే కేంద్రకాలను విడిగా తీసి, శిలీంధ్రంలోని ప్రోటీన్లతో పాటు క్యూటిన్ ముక్కలు కూడా అందించి, ఆ జన్యువు పనిచేయడం చూపించింది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు గోపి పొదిల. మన నాగార్జున విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లినవారు. 2010లో అలబామాలో, తాను పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయంలోనే జరిగిన కాల్పుల్లో చనిపోయారు. ఆయన పేరు మనవాళ్లకు ఇంకా బాగా తెలియాల్సింది.

ఇక బొప్పాయి కథ. బొప్పాయి కాయను కుళ్లబెట్టే మైకోస్ఫెరెల్లా అనే శిలీంధ్రం ఉంది. అది గాయమైన కాయలోకే పోగలదు. తొక్క చెక్కుచెదరకుండా ఉంటే ఏమీ చేయలేదు. 1989లో మార్టిన్ డిక్‌మన్, గోపి పొదిల, కొలట్టుకుడి ముగ్గురూ కలిసి బఠానీ శిలీంధ్రంలోని క్యూటినేజ్ జన్యువును ఈ బొప్పాయి శిలీంధ్రంలో పెట్టారు. ఒక్క జన్యువు. అంతకుముందు గాయం లేనిదే లోపలికి పోలేని శిలీంధ్రం, ఇప్పుడు గాయం లేని కాయకూ తెగులు తెచ్చింది! ఇది నిజంగా ఆ ఎంజైమ్ చేసిన పనేనా? అదీ పరీక్షించారు. క్యూటినేజ్‌ను అడ్డుకునే యాంటీబాడీలు కలిపి కాయ మీద వేస్తే మచ్చ రాలేదు. ఇంత తేటగా జవాబు చెప్పిన ప్రయోగాలు అరుదని నా అభిప్రాయం.

అలాగని అన్ని తెగుళ్లకూ ఇదొక్కటే దారి అనుకోకూడదు. 1992లో జర్మనీ శాస్త్రవేత్తలు బఠానీ శిలీంధ్రంలో ఆ జన్యువును పాడుచేసి చూస్తే, అయినా బఠానీకి తెగులు వచ్చింది. 1994లో కొలట్టుకుడి బృందం అదే శిలీంధ్రంలో ఇంకాస్త తీవ్రంగా తెగులు తెచ్చే రకాన్ని తీసుకుని ఆ జన్యువును పాడుచేస్తే, తెగులు తగ్గింది. శిలీంధ్రానికి ఒకటి కాకపోతే ఇంకో ఎంజైమ్ ఉంటుంది. అందుకే ఒక్క జన్యువును ఆపేస్తే తెగులు పోతుందని ఎవరైనా చెబితే తొందరపడి నమ్మకండి.

బొప్పాయి వేసిన రైతులకు ఒక్క మాట. మచ్చతెగులు తెచ్చే కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రానికి క్యూటినేజ్ సొంతంగానే ఉంది. దాన్ని తోటలోనే అదుపు చేయాలి, కోత జాగ్రత్త ఒక్కటే చాలదు. గాయం కోసం కాచుకునే శిలీంధ్రాల సంగతి వేరు. వాటికి దారి ఇచ్చేది మన చేతులే. కాయను లాగి తెంపకుండా, కాస్త తొడిమ ఉంచి పదునైన కత్తితో కోయండి. గోరు గుచ్చుకోకూడదు. తొడిమ మొన పక్క కాయకు తగలకూడదు. బుట్టలోకి విసరొద్దు, ఒక్కో కాయకూ కాగితం చుట్టి పెట్టండి. గీత పడిన కాయ కనిపిస్తే దాన్ని దూరం లారీకి ఎక్కించకుండా వేరుచేసి, ఆ రోజే దగ్గర్లో అమ్మేయండి.