శనివారం టీవీ, సోమవారం టికెట్టు: ఎనభైల నాటి మెంఫిస్ రెజ్లింగ్

హోస్ట్: నమస్తే అండీ. ఈసారి గెస్ట్ మా బాబాయే. ఎనభైల్లో అమెరికా టీవీలో వచ్చిన రెజ్లింగ్ వీడియోలు యూట్యూబ్‌లో వెతికి వెతికి చూసే మనిషి. బాబాయ్, జనం తిట్టకముందే నేనే అడిగేస్తా. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే ఆట కదా, అందులో చూడ్డానికి ఏముంది?

బాబాయ్: అనుకునే ఆడతారు, కాదనను. నాకు దానికంటే డబ్బు సంగతి ఇష్టం అమ్మా. ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చేదో తెలిస్తే, ఆట అలా ఎందుకు ఉండేదో తెలిసిపోతుంది.

హోస్ట్: టీవీ వాళ్లే ఇస్తారు కదా డబ్బులు?

బాబాయ్: ఇప్పుడు ఇస్తారు. అప్పట్లో లెక్క వేరు. 1948లో నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ అని ప్రమోటర్లంతా ఒక కూటమి కట్టారు. దేశాన్ని ఏరియాలుగా పంచుకున్నారు, వాటినే టెరిటరీలు అనేవాళ్లు. ఒకడి టెరిటరీలో ఇంకొకడు అడుగు పెట్టకూడదు. ఒక్కో ప్రమోటర్‌కీ తన ఏరియాలో ఏదో ఒక లోకల్ ఛానెల్‌లో వారానికో షో ఉండేది. ఇంట్లో కూర్చుని చూసేవాడు పైసా కట్టక్కర్లేదు. కానీ చూశాక వాడు టికెట్టు కొని హాలుకి రావాలి, అదీ లెక్క. మన ఊళ్లలో కొత్త సినిమా వస్తే రిక్షాకి మైకు కట్టి తిప్పేవాళ్లు చూడు, ఆ షో సరిగ్గా అలాంటిదే.

హోస్ట్: అంటే షో మొత్తం ప్రకటనే?

బాబాయ్: గంటన్నర ప్రకటన! మెంఫిస్ సంగతే తీసుకో. టెనెసీ రాష్ట్రంలో ఊరు. శనివారం పొద్దున్న పదకొండింటికి ఛానెల్ ఫైవ్‌లో లైవ్. చిన్న స్టూడియో, మధ్యలో రింగు, పక్కన ఒక డెస్కు, కాసిన్ని కుర్చీల్లో జనం. సోమవారం రాత్రి అదే ఊళ్లో మిడ్ సౌత్ కొలీసియం, పదివేల మందికి పైగా పట్టే హాలు. దాన్ని వారం వారం నింపాలి. మంగళవారం లూయీవిల్, బుధవారం ఎవాన్స్‌విల్, అలా తిరుగుతూనే ఉండాలి. ప్రమోటర్ జెర్రీ జారెట్, హీరో జెర్రీ లాలర్. లాలర్‌ని కింగ్ అనేవాళ్లు, కిరీటం పెట్టుకుని వచ్చేవాడు.

హోస్ట్: వారం వారం అదే ఊరు, అదే జనం. బోరు కొట్టదా?

బాబాయ్: అసలు కష్టమంతా అక్కడే. అందుకే టీవీలో ఆట పూర్తి కానిచ్చేవాళ్లు కాదు. పెద్ద స్టార్ వచ్చి ఎవడో పేరు తెలియని మనిషిని మూడు నిమిషాల్లో పడగొట్టేస్తాడు. లేదంటే మంచి ఆట మొదలవుతుంది, రంజుగా ఉన్నప్పుడు ఎవడో కుర్చీ తీసుకుని రింగులోకి దూకుతాడు, గందరగోళం, బెల్లు కొట్టేస్తారు. తేల్చుకునేది సోమవారం. మిగతా టైమంతా మాటలే. మైకు ముందు నిలబడి "సోమవారం రా, నీ సంగతి చూస్తా" అనడం. మెంఫిస్‌లో కండలు తక్కువైనా బతకొచ్చు, నోరు లేకపోతే మాత్రం కష్టం.

హోస్ట్: ఆ డెస్కు దగ్గర కూర్చునే పెద్దాయన నాకు భలే నచ్చాడు, నువ్వు పంపిన వీడియోలో.

బాబాయ్: లాన్స్ రసెల్! విలన్లందరూ ఆయన ముక్కు మీద జోకులు వేసేవాళ్లు. పక్కన కూర్చునేది డేవ్ బ్రౌన్. ఈయన అదే ఛానెల్‌లో వాతావరణ వార్తలు చెప్పే మనిషి. రేపు వాన పడుతుందని చెప్పే మనిషే, "అయ్యో, అతని మెడ విరిగినట్టుంది" అంటే ఎవరు నమ్మరు చెప్పు? వాళ్లిద్దరూ అరవరు. మామూలు గొంతుతో, కొంచెం చిరాకు పడుతూ చెప్తారు. ఆ షో నిలబడింది సగం వాళ్ల వల్లేనని నా అభిప్రాయం.

హోస్ట్: ఖాళీ హాలులో ఆడారు కదా ఒకసారి, అది చెప్పు.

బాబాయ్: 1981 ఏప్రిల్. టెర్రీ ఫంక్ అని టెక్సాస్ మనిషి. "మెంఫిస్‌లో జనం, రిఫరీలు అందరూ లాలర్ వైపే, ఎవరూ లేకుండా ఆడదాం రా" అన్నాడు. అంత పెద్ద కొలీసియంలో కుర్చీలన్నీ ఖాళీ. రసెల్ ఒక్కడే మైకు పట్టుకుని నిలబడ్డాడు, కెమెరా వాళ్లు ఉన్నారు, అంతే. లాలర్ కంట్లో పొడుద్దామని ఫంక్ చెక్క ముక్క ఎత్తుతాడు, లాలర్ కాలితో తంతే అది ఫంక్ కంటికే తగులుతుంది. "నా కన్ను, నా కన్ను" అని ఆ ఖాళీ హాల్లో వాడు పెట్టే కేకలు వింటుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

హోస్ట్: దానికి టికెట్లే లేవు కదా. నీ లెక్క తప్పింది బాబాయ్.

బాబాయ్: తప్పలేదు. దాన్ని టీవీలో వేశారు. వేస్తే తర్వాత సోమవారాలకి ఎంత కసి పుడుతుంది!

హోస్ట్: సరే, ఒప్పుకున్నా. ఇప్పుడు కాఫ్‌మన్.

బాబాయ్: ఆండీ కాఫ్‌మన్. దేశమంతా తెలిసిన టీవీ కమెడియన్. ఆయనకి రెజ్లింగ్ పిచ్చి, అందులోనూ విలన్‌గా ఉండాలని పిచ్చి. స్టేజీ మీద ఆడవాళ్లతో కుస్తీ పట్టేవాడు, నన్ను ఓడిస్తే వెయ్యి డాలర్లు ఇస్తా అనేవాడు, ఆడా మగా తలపడే కుస్తీకి నేనే ఛాంపియన్‌ని అని ప్రకటించుకున్నాడు. మెంఫిస్ వచ్చి అక్కడా అదే చేశాడు. ఒకమ్మాయిని ఓడించి, ఊరుకోక ఇంకా తోస్తుంటే లాలర్ రింగులోకి వచ్చి అడ్డుకున్నాడు. అక్కణ్నుంచి గొడవ. కాఫ్‌మన్ హాలీవుడ్ నుంచి వీడియోలు పంపేవాడు. ఒకదాంట్లో సబ్బు చేత్తో పట్టుకుని, "మెంఫిస్ ప్రజలారా, దీన్ని సబ్బు అంటారు" అని పాఠం చెప్తాడు.

హోస్ట్: (నవ్వు) ఊరంతా మండిపోయి ఉంటుంది.

బాబాయ్: మండాలనే కదా! 1982 ఏప్రిల్ 5, సోమవారం. లాలర్ అతన్ని తలకిందులుగా ఎత్తి పైల్‌డ్రైవర్ వేశాడు. మెంఫిస్‌లో ఆ పట్టు నిషేధం కాబట్టి రూల్ ప్రకారం గెలిచింది కాఫ్‌మన్. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. తర్వాత మెడకి పట్టీ వేసుకుని తిరిగాడు. జూలైలో డేవిడ్ లెటర్‌మన్ అనే ఆయన రాత్రిపూట టీవీ టాక్ షోకి ఇద్దరూ వచ్చారు. లాలర్ లేచి చెంప మీద ఒక్కటిచ్చాడు, కాఫ్‌మన్ కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు. మళ్లీ లేచి బూతులు తిట్టి కాఫీ విసిరాడు. ఇద్దరూ కూడబలుక్కునే చేశారని బయటికి చెప్పలేదు. కాఫ్‌మన్ 1984 మేలో క్యాన్సర్‌తో పోయాడు, 35 ఏళ్లకే. ఆ తర్వాత కూడా లాలర్ పదేళ్ల దాకా నోరు విప్పలేదు.

హోస్ట్: ఇంత బాగా నడిచేది ఎలా పోయింది మరి?

బాబాయ్: కేబుల్. లోకల్ ఛానెల్ టవర్ ఎంత దూరం అందితే అంతవరకే టెరిటరీ. శాటిలైట్‌కి ఆ హద్దు ఎక్కడుంది? విన్స్ మెక్‌మాన్ 1982లో న్యూయార్క్ రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ని తండ్రి దగ్గర కొన్నాడు. పాత కట్టుబాటు పక్కన పెట్టి అందరి ఏరియాల్లోకీ వెళ్లాడు. 1984 జూలై 14న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా వాళ్లు టీబీఎస్ అనే కేబుల్ ఛానెల్‌లో శనివారం సాయంత్రం వేసుకునే షో టైములో మెక్‌మాన్ ప్రత్యక్షమయ్యాడు. ఆ జార్జియా కంపెనీలో వాటాలు కొనేసి ఆ స్లాట్ దక్కించుకున్నాడు. తమ రెజ్లర్లు కనబడక జనం తిట్టిపోశారు. బ్లాక్ సాటర్‌డే అని పేరే పడిపోయింది. మరుసటి ఏడాది ఆ స్లాట్‌ని కరోలినా రాష్ట్రాల ప్రమోటర్ జిమ్ క్రాకెట్‌కి పది లక్షల డాలర్లకి అమ్ముకున్నాడు.

హోస్ట్: మెక్‌మాన్ పెద్ద స్టార్ హల్క్ హోగన్ కాలం అదే కదా?

బాబాయ్: అదే. 1984 జనవరిలో హోగన్‌కి ఛాంపియన్ బెల్టు, 1985 మార్చిలో మెక్‌మాన్ పెద్ద షో, మొదటి రెజిల్‌మేనియా, దానికి మహమ్మద్ అలీ రిఫరీ. ఇవన్నీ అందరికీ తెలిసినవే, నేను సాగదీయను. హోగన్ ఆట నాకు నచ్చదమ్మా, కామెంట్లలో తిట్టుకోండి. 1987 రెజిల్‌మేనియాలో, సిల్వర్‌డోమ్ అనే స్టేడియంలో, ఆండ్రే ది జెయంట్ అనే భారీ రెజ్లర్‌ని ఎత్తాడు, గొప్పే. కానీ ఆ రోజు అసలు ఆట ర్యాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్‌లది. ఆ సావేజ్ ఎక్కణ్నుంచి వచ్చాడనుకున్నావ్? 1985లో "ఓడినవాడు ఊరొదలాలి" అనే ఆటలో లాలర్ చేతిలో ఓడి మెంఫిస్ వదిలాడు. అటునుంచి అటే మెక్‌మాన్ దగ్గరికి.

హోస్ట్: మరి అది నాటకమని అధికారికంగా ఎప్పుడు ఒప్పుకున్నారు?

బాబాయ్: 1989 ఫిబ్రవరి, న్యూజెర్సీ సెనేట్ ముందు. బాక్సింగ్‌కి ఉన్నట్టు వీటికీ అథ్లెటిక్ కమిషన్ పర్యవేక్షణ, పన్ను ఉండేవి. "మాది పోటీ కాదు, వినోదం" అని మెక్‌మాన్ మనుషులే చెప్పారు. రెండేళ్ల ముందు అదే న్యూజెర్సీలో, రింగులో బద్ధశత్రువులైన ఐరన్ షేక్, జిమ్ డగ్గన్ ఒకే కారులో వెళ్తూ పోలీసులకి దొరికితే ఇద్దర్నీ ఉద్యోగంలోంచి తీసేసిన కంపెనీ అది!

హోస్ట్: పన్ను దగ్గరికి వచ్చేసరికి నిజం వచ్చేసింది. లాలర్ ఏమయ్యాడు చివరికి?

బాబాయ్: మెంఫిస్‌లో ఇంకొన్నాళ్లు లాగాడు. 1992 చివర్లో మెక్‌మాన్ కంపెనీలోనే కామెంటేటర్‌గా చేరాడు. మీ అన్నయ్య వాళ్లు కేబుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చూస్తుంటే జిమ్ రాస్ పక్కన వెకిలిగా అరుస్తూ ఉండేవాడే, కిరీటం పెట్టుకుని...

హోస్ట్: ఆయనేనా! వాడి గొంతు వినబడితే అమ్మ టీవీ కట్టేసేది.

బాబాయ్: వదినకి చెప్పు, ఒక్కసారి ఆ సబ్బు వీడియో చూపిద్దాం.