చూపు లేదని ఏటా ఎందుకు రుజువు చేయాలి?

వేదిక మీది పెద్దలకు, ఈ జనవరి చలిలో దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేటల నుంచి మొదటి బస్సులెక్కి నల్లగొండకు వచ్చిన తోటి అంధులకు, వారిని చేయి పట్టుకొని తీసుకొచ్చిన వారికి నమస్కారం. లూయీ బ్రెయిలీ జయంతి కనుక ఆయన ఆరు చుక్కల లిపి గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఆ లిపితోనే చదువుకొని ఉపాధ్యాయుడినైన నాకు ఆయన రుణం ఎంతటిదో తెలుసు. అయినా ఈ పూట మన జీతం, పన్ను, పింఛనుల గురించే మాట్లాడతాను, మన్నించండి.

నేను ఉద్యోగంలో చేరిన తొలి తొమ్మిదేళ్లూ నా జీతంలోంచి పన్ను పూర్తిగా కోత పడింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80యు అనే సెక్షన్ ఉందని, కనీసం నలభై శాతం వైకల్యం ఉన్నవారికి 75,000 రూపాయలు, ఎనభై శాతం, అంతకు పైన ఉన్నవారికి 1,25,000 రూపాయలు ఆదాయంలోంచి తీసివేసి పన్ను లెక్కకట్టాలని నాకు చెప్పినవారు లేరు. పాత పన్ను విధానంలో ఇరవై శాతం శ్లాబులో ఉన్నవారికి ఆ పెద్ద మొత్తం వల్ల సెస్సుతో కలిపి 26,000 రూపాయలు మిగులుతాయి. అది మా ఇంట్లో ఆడపిల్ల ఏడాది చదువు.

తెలిసిన తరువాత మొదలైంది అసలు బాధ. ప్రతి ఫిబ్రవరిలో లెక్కలు కట్టే గుమాస్తా 'ఈ ఏడాది వైకల్య సర్టిఫికెట్ ఏది?' అని అడిగేవాడు, అది కూడా నన్ను కాదు, నా వెంట వచ్చిన మా తమ్ముణ్ణి. నిరుడు ఇచ్చాను కదా సార్ అంటే, 'అది నిరుటిది' అనేవాడు. ప్లాస్టిక్ కవరులోని ఆ కాగితం ఒక మూల చిరిగి ఉంటుంది, ఆ చిరుగును తడిమే నేను దాన్ని గుర్తుపడతాను. అందులో 'శాశ్వతం' అని రాసి ఉంది. తిరిగి పరీక్షించాల్సిన తేదీ సర్టిఫికెట్‌లో ఉంటేనే ఆ గడువు తరువాత కొత్తది కావాలి; శాశ్వతమన్నదానికి గడువు లేదు. పుట్టుకతో పోయిన చూపు ఈ ఫిబ్రవరికి తిరిగి వస్తుందా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంధత్వాన్ని స్పష్టంగా నిర్వచించింది. అద్దాలు పెట్టినా మెరుగైన కంటి చూపు 3/60 కంటే తక్కువ ఉన్నా (అంటే మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చూసేదాన్ని మూడు మీటర్ల నుంచి కూడా చూడలేకపోయినా), దృష్టి క్షేత్రం, అంటే ఒకేసారి కంటికి ఆనే వెడల్పు, పది డిగ్రీల లోపే ఉన్నా అది అంధత్వమే. వైద్యులు ఒకసారి కొలిచి రాసిన దాన్ని బల్ల వెనక కూర్చున్నవారు తిరిగి కొలవనక్కరలేదు.

జీతగాళ్లకు మరొక మాట. 2023-24 నుంచి మనం వేరుగా కోరకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది, అందులో 80యు లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ విధానం కింద 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు కాబట్టి చాలామందికి అదే మేలు. అంతకు మించినవారు మాత్రం పాత, కొత్త విధానాల రెండు లెక్కలూ వేయించుకొని తేల్చుకోవాలి. మనకిచ్చే రవాణా భత్యంపై మినహాయింపు రెండింటిలోనూ ఉంది, దాన్ని వదులుకోకండి. 75,000, 1,25,000 అన్న పరిమితులు 2015 బడ్జెట్‌లో పెట్టినవి, అప్పటి నుంచి మారలేదు. వాటిని పెంచాలని మనం గట్టిగా అడగాలి.

ఇక్కడ కూర్చున్న ఎక్కువమందికి పన్ను పడేంత జీతమే లేదని నాకు తెలుసు. వారికి ఉన్నది తెలంగాణ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఆసరా పింఛను. 2023 జూలైలో అది 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. మా ఊరి అవ్వ ఒకామె చిన్నప్పుడు అమ్మవారు పోసి చూపు పోగొట్టుకుంది. కూలి చేసి ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. పింఛను ఇచ్చేచోట యంత్రం వేలిని ఒప్పుకోలేదు, కంటిని చూపమన్నారు. 'కన్ను తెరువు అవ్వా' అని మూడుసార్లు గద్దించినప్పుడు ఆమె ఆ గుంటల మీది రెప్పలను తన వేళ్లతోనే ఎత్తి పట్టుకుంది. నేను ఆ పక్కనే నిలబడి ఆ మాటలు విన్నాను. మా తమ్ముడు ఆ దృశ్యాన్ని చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెప్ప ఆర్పితేనే ముఖాన్ని గుర్తించే ఆన్‌లైన్ తనిఖీల మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, తనిఖీకి వేరే పద్ధతులూ ఉండాలని ఆదేశించింది. అయినా ఆ అవ్వకు ఆ తీర్పు సంగతి చెప్పవలసింది ఎవరు?

అందుకే జీతం తెచ్చుకొనే నా తోటివారిని వేడుకుంటున్నాను. మీ ఊళ్లో ఒక్క అంధుడి కాగితాల బాధ్యత తీసుకోండి, వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరానికి వెంట వెళ్లండి, మీ సేవ కేంద్రం దగ్గర నిలబడండి, ఎవరైనా మిమ్మల్ని అడిగితే 'ఆయన్నే అడగండి' అని చెప్పండి. భోజనాల తరువాత ఈ హాలు ఎడమ తలుపు పక్కన బల్ల దగ్గర సాయంత్రం ఆఖరి బస్సు వరకు కూర్చుంటాను. మీ సర్టిఫికెట్లు తీసుకొని రండి, మా తమ్ముడు చదివి వినిపిస్తాడు.